వదినకు వినబడని గొంతు

మా వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె వదినే. ముందుగదిలో ఆమె కుట్టు మిషను, దాని పక్కన బల్ల మీద ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే మరిది. అత్తగారు పోయాక అతన్ని పెంచింది ఆమే. పొద్దస్తమానం ఒకరినొకరు ఆటపట్టించుకోందే ఇద్దరికీ పని సాగేది కాదు. ఆమె కుట్టిన చొక్కా ఎత్తి చూసి, ఇందులో ఇంకో మనిషికి కూడా చోటుందనేవాడు.

ఆ ఎండాకాలం అతని వేళాకోళాలు ఆగిపోయాయి. ఆమె మొదట పసిగట్టింది అదే. తర్వాత స్నానం మానేశాడు. ఆమె రుచి చూశాక గాని కంచంలోది ముట్టేవాడు కాదు. ఎదురింటివాళ్లు తన గురించే గుసగుసలాడుతున్నారని కిటికీకి అట్టముక్కలు కొట్టాడు. ఒకరోజు శుభ్రంగా తిరుగుతున్న ఫ్యాను దించి, ముక్కలు ముక్కలుగా విప్పి నేలంతా పరిచాడు. బిగించాడు. మళ్లీ విప్పాడు.

భర్త అది ఒళ్లు బద్ధకమన్నాడు, పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుందన్నాడు. ఆమె మిషను ఆపి, ఆ ముక్కల మధ్యే మరిది పక్కన చతికిలబడింది.

"ఏం వెతుకుతున్నావు?"

"ఇందులోంచి ఎవరో తిడుతున్నారు వదినా. నీకు వినబడట్లేదా?"

వినబడుతోందంటే భయం ముదురుతుంది. పిచ్చివాగుడని కసిరితే మళ్లీ నోరు విప్పడు. అంత ఆలోచించిందో, ఊరికే తోచిందో గాని, "నాకు వినబడట్లేదు. నీకు వినబడుతోందంటే నమ్ముతా. భయమేస్తోందా?" అంది.

అతను తలూపాడు. స్క్రూడ్రైవరు పట్టుకునే వెక్కి వెక్కి ఏడ్చాడు.

మర్నాడు ఆసుపత్రికి బయల్దేరదీసింది. మాయమాటలు చెప్పలేదు. నిద్ర పట్టడానికి మందు అడుగుదాం, ఈ గొంతుల సంగతీ అడుగుదాం అంది. నలుగురికీ తెలిస్తే పరువేం కావాలని భర్త గొణిగాడు.

"కాలు విరిగితే ఇంట్లో దాచుకుంటామా? మీరూ రండి."

ఆయన చెప్పులేసుకున్నాడు. ఆసుపత్రి గుమ్మం దగ్గర మరిది మొండికేస్తే ఆమె లాగలేదు. అతనితోపాటు మెట్ల మీద కూర్చుంది. చాలాసేపటికి అతనే లేచి లోపలికి నడిచాడు.

దీన్ని సైకోసిస్ అంటారనీ, లేని గొంతులు వినిపించే జబ్బనీ, ఎవరి తప్పూ కాదనీ, ఎంత తొందరగా వస్తే అంత మేలనీ డాక్టరమ్మ చెప్పింది. మొదట ఇచ్చిన మందులకి చేతులు వణికి అతను బల్ల దగ్గర కూర్చోలేకపోయాడు. చెప్పకుండా మందులు మానేశాడు. గొంతులు మళ్లీ మొదలయ్యాయి. ఆమె తిట్టలేదు. తిరిగి తీసుకెళ్లి, చేతుల సంగతి అతని చేతే చెప్పించింది. డాక్టరమ్మ మందు మార్చింది.

కుదుటపడటానికి నెలలు పట్టింది. ఇప్పుడు నిద్ర తప్పితే అతనే ముందుగా వచ్చి చెబుతాడు. మందులు మాత్రం సాగుతూనే ఉన్నాయి.

ఈమధ్య ఆమె దగ్గరికి కొలతలివ్వకుండా ఊరికే కూర్చునేవాళ్లు వస్తున్నారు. కాసేపటికి ఇంట్లో కొడుకు సంగతో, చెల్లెలి సంగతో బయటపెడతారు. ఆమె కత్తెర పక్కన పెట్టి అంతా వింటుంది. వాదించొద్దంటుంది, ఆలస్యం చెయ్యొద్దంటుంది. "కావాలంటే ఆసుపత్రికి నేనూ వస్తా" అంటుంది. అన్నట్టే వెళ్తుంది కూడా.