పని సర్దుకుని లేవండి

“టీచరుగారు ప్రభువునందు నిద్రించారు” అని పొద్దున్నే మా పాత బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఆవిడ కూతురు మెసేజ్ పెట్టింది. రాజమండ్రిలో ఆఫీసుకి బయల్దేరుతున్నదాన్ని, చెప్పులు విప్పేసి గుమ్మంలోనే కూర్చుండిపోయాను.

పాలకొల్లు బజారులో ఒక బట్టల కొట్టు మేడ మీద ఆవిడ కంప్యూటర్లు నేర్పేవారు. అంతకుముందు అక్కడే టైపు నేర్పేవారట. టైపుకి ఎవరూ రాకుండా పోయాక, జుట్టంతా నెరిసిన వయసులో, తాను కంప్యూటర్ని కమాండ్లతో నడిపే లినక్స్ నేర్చుకుని మాకు చెప్పడం మొదలుపెట్టారు. మెట్లెక్కగానే మొదటి ప్రశ్న, “చేతులు కడుక్కున్నావా అమ్మా?” దిబ్బరొట్టె తిన్న నూనె వేళ్లతో కీబోర్డు ముట్టుకుంటే ఆవిడకి ఎక్కడలేని కోపం వచ్చేది.

అప్పటికి నేను డిగ్రీ పాసై ఇంట్లో ఖాళీగా ఉన్నాను. వెళ్లిన ప్రతి ఇంటర్వ్యూలోనూ నోరు పెగలక తిరిగొచ్చేదాన్ని. “ఈసారీ రాకపోతే ఆ కింద కొట్లోనే చేరిపో, మనిషి కావాలంటున్నారు” అన్నాడు నాన్న. కొట్లో చీరలు మడతపెట్టడం తప్పేమీ కాదు. నాకు మాత్రం మేడ మీద పనే కావాలి.

టీచరుగారిది ఒక వింత నియమం. కమాండ్ టైపు చేశాక, ఎంటర్ నొక్కేముందు, దాన్ని తెలుగులో పైకి చెప్పాలి. అదీ ‘అండి’ పెట్టి. “ఈ ఫోల్డర్లో ఏమున్నాయో చూపించండి.” మాకు నవ్వాగేది కాదు. కంప్యూటరుకి అండీ ఏంటండీ అని నేనే అడిగేశాను.

“దానికేం తెలుస్తుందమ్మా. మర్యాదగా అడగాలంటే ఏం అడుగుతున్నావో ముందు నీకు తెలియాలిగా” అన్నారు. సాయంత్రం మూల ఉన్న సర్వర్ని ఆపేటప్పుడు ఆవిడ కూడా “ఇక పడుకోండి” అనే ఎంటర్ నొక్కేవారు.

ఇరుక్కుపోయిన ప్రోగ్రామ్‌ని ఆపడానికి ‘కిల్’ అనే కమాండ్ ఉంది. నేను దాన్ని “చంపేయండి” అని చదివాను. ఆవిడ కుర్చీ జరుపుకుని నా పక్కకొచ్చారు.

“చంపడమేంటమ్మా, అండి పెట్టి మరీ? పనిలో ఉన్నవాళ్లని మెడపట్టి గెంటేస్తామా? పని సర్దుకుని లేవండి అంటాం. వినకపోతే అప్పుడు చూద్దాం.”

నిజంగానే ఆ కమాండ్ మామూలుగా వాడితే ప్రోగ్రామ్‌ని ఆగమని అడుగుతుంది. పక్కన తొమ్మిది అంకె చేరిస్తే ఉన్నపళాన తీసేస్తుంది, సేవ్ కాని పనంతా పోతుంది. ఎన్నిసార్లు చదివినా తలకెక్కని తేడా ఆ ఒక్క మాటతో ఎక్కింది.

తర్వాత రాజమండ్రి ఇంటర్వ్యూలో ఒక సిస్టమ్ ముందు కూర్చోబెట్టి, ఇరుక్కున్న ప్రోగ్రామ్‌ని ఆపమన్నారు. కమాండ్ కొట్టి, అలవాటుకొద్దీ “పని సర్దుకుని లేవండి” అని పైకి అనేశాను.

“ఎవర్నమ్మా లేవమంటున్నావు?” అన్నారు ఎదురుగా ఉన్నాయన.

“ప్రోగ్రామ్‌నండి. ముందు అడగాలండి. వినకపోతేనే బలవంతం చెయ్యాలండి.” ఇక నా నోరు ఆగలేదు. ఎందుకు అడగాలో, అడక్కపోతే ఏం పోతుందో అంతా చెప్పాను. ఉద్యోగం వచ్చింది. టీచరుగారికి ఫోన్ చేస్తే, “చేతులు కడుక్కుని వెళ్లావా?” అని అడిగి ఏడ్చేశారు. ఈ రోజు నేను తింటున్న అన్నం ఆవిడ చలవే.

ఆ సాయంత్రం పాలకొల్లులో భూస్థాపన అయ్యాక కూతురు మా బ్యాచ్ వాళ్లని మేడ మీదకి తీసుకెళ్లింది. సర్వర్ ఇంకా నడుస్తూనే ఉంది. ఆసుపత్రికి తీసుకెళ్లే కంగారులో ఎవరూ ఆపలేదట. “నాకు రాదండి. మీలో ఎవరైనా ఆపండి” అంది. అందరూ నా వైపు చూశారు.

కిందకి దిగి, కుళాయి దగ్గర చేతులు కడుక్కుని వచ్చాను. కమాండ్ టైపు చేశాను. పైకి చెబుదామంటే, వెనకటి ఇంటర్వ్యూల్లోలాగే, నోరు పెగల్లేదు. ఎవరూ తొందరపెట్టలేదు.

“పనంతా సర్దేశామండి” అన్నాను చివరికి. “ఇక పడుకోండి.”

ఎంటర్ నొక్కాను. ప్రోగ్రాములు ఒక్కొక్కటే ఆగుతున్నట్టు తెర మీద వరసగా పడింది. తెర నల్లబడింది. లోపలి ఫ్యాను మెల్లగా తిరిగి తిరిగి ఆగింది. కింద కొట్లో ఎవరో చీర మడత విప్పి దులుపుతున్న చప్పుడు పైకి వినబడింది.