అవ్వ అడిగిన సాయం

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నాకు పదిహేడేళ్లు. టీచర్ ట్రైనింగ్‌కు పరీక్ష రాయడానికి ఆదిలాబాద్ రమ్మని ఉత్తరం వచ్చింది. మా ఊరు బోథ్ దగ్గర. బోథ్ నుంచి పొద్దున ఒక్కటే బస్సు. మా ఊరి ఆడపిల్ల పరీక్ష కోసం ఊరు దాటడం అదే మొదలు. సంతోషమో భయమో, రెండు రోజులు నాకు అన్నం సహించలేదు.

తీరా ఆ పొద్దున బాపు బండి కట్టబోతే ఒక ఎద్దు కాలు మోపడం లేదు. గిట్ట వాచింది. ఊళ్లో పరుగెత్తే ఎడ్లు ఇక పక్కింట్లోనే ఉన్నాయి. ఆ ఇంటాయన నాకు వరసకు పెద్దబాపు. చేని గట్టు దగ్గర తగాదా పడి, ఆరేళ్లుగా బాపుకూ ఆయనకూ మాటల్లేవు.

"ఆని గడప నేను తొక్క," అన్నాడు బాపు.

"నువ్వు తొక్కకు, నేను పోత," అని అవ్వ, అంటే మా అమ్మ, నా చెయ్యి పట్టుకుని బయల్దేరింది.

పెద్దబాపు జొన్నరొట్టె తింటున్నాడు. మమ్మల్ని చూసి చెయ్యి ఆగిపోయింది.

"బావా, పిల్ల పరీక్షకు పోవాలె. మా ఎద్దు కుంటుతుంది. బస్సును అందుకునే ఎడ్లు గీ ఊళ్లె నీయే."

గట్టు మాట ఎత్తలేదు, బతిమాలలేదు. ఉన్నమాట చెప్పింది.

"గింత ఆల్సెం జేసి చెప్తరా!" అని ఆయన రొట్టె వదిలేసి లేచాడు.

అదేం పరుగు! వాగులో నీళ్లు మా మొహాల మీదికి ఎగిరాయి. నేను ఒక చేత్తో బండినీ, ఒక చేత్తో పెన్నునూ గట్టిగా పట్టుకున్నాను. పత్తి చేన్ల మధ్య పెద్దబాపు బండి మీద నిలబడి ఎడ్లను అదిలిస్తుంటే, భయపడాల్సిన నాకు నవ్వాగలేదు. అవ్వ కూడా నవ్వింది. రోడ్డెక్కేసరికి బస్సు కదిలి వచ్చేస్తోంది. ఆయన బండిని రోడ్డుకు అడ్డంగా నిలిపాడు.

"సావాలనున్నదా?" అరిచాడు డ్రైవరు.

"ఎంతన్న తిట్టు. గని మా పిల్లను ఎక్కించుకో. టీచరమ్మ అయితది!"

మా పిల్ల! ఆ మాట విని అవ్వా నేనూ మొహమొహాలు చూసుకున్నాం.

పరీక్ష రాసి తిరిగొచ్చేసరికి పెద్దబాపు మా దొడ్లో ఉన్నాడు. ఎద్దు గిట్టకు పసరు కడుతున్నాడు. బాపు కాలు ఎత్తి పట్టుకున్నాడు. గట్టు ఉన్నచోటే ఉంది, కానీ ఇద్దరూ వానల సంగతి మాట్లాడుకుంటున్నారు.

"మనం ఆయనకేం చెయ్యలె, సాయం చేసింది ఆయనే. మరి ఆయనే ఎట్ల మారిండే అవ్వా?" అని అడిగాను.

"సాయం తీస్కున్నోళ్లు మర్సిపోతరు బిడ్డా. చేసినోళ్లు మర్వరు. చేసినంక మనం ఆళ్ల మనుషులమైతం."

నేను పరీక్ష పాసయ్యాను. ట్రైనింగ్ అయ్యాక మొదటి ఉద్యోగం కొత్త ఊళ్లో. పక్కింటావిడ నా మొహం చూసి తలుపు వేసుకుంది. ఆ సాయంత్రమే, ఇంట్లో అగ్గిపెట్టె పెట్టుకుని, వెళ్లి ఆవిడ తలుపు తట్టాను.

"అక్కా, పొయ్యిలకు జర నిప్పు ఇస్తవా?"