పసుపు రాసిన పగడం

ఆ రోజుల్లో నేను పిల్లలు తుమ్మితే భయపడేదాన్ని, తుమ్మకపోతే ఎందుకు తుమ్మలేదా అని భయపడేదాన్ని. అసలు ప్రమాదం వచ్చిన సాయంత్రం మాత్రం దాన్ని ముందుగా పసిగట్టింది నా ముక్కే. స్నానాలగదిలో చిన్నోడి ఒంటి మీద బురద కడుగుతుంటే, వంటింట్లోంచి, మా అత్త చేప ముక్కలకు పట్టించే పసుపు వాసన వచ్చింది. ఆ పూట ఇంట్లో చేపల్లేవు. కోసి గిన్నెలో ఉంచినవి నా పగడం ముక్కలే!

శ్రీకాకుళంలో మా ముందుగదిలో ఒక గాజు తొట్టి ఉంది. ఉప్పునీళ్ళు, రాళ్ళు, వాటి మీద మెత్తని పగడాలు (నగల్లో పొదిగేవి కావు, ప్రాణమున్న సముద్రజీవులు). కోటబొమ్మాళి వరి చేల మధ్య పెరిగి, జువాలజీ చదివి, చేపల వేట మీద బతికిన ఇంటికి కోడలిగా వచ్చిన నాకు అదే పెద్ద ఘనత. మా అత్తకేమో నవ్వులాట. “బస్సెక్కితే అంత సముద్రం ఉన్నాది. ఈ గిన్నెడు సముద్రం ఏటికే?” అనేది. అందులో పుట్టగొడుగు ఆకారంలో ఒక తోలు పగడం ఉండేది. బొటనవేలంత మొలకను మూడేళ్ళు పెంచి పళ్ళెమంత చేశాను. ఒక్కటే ఉంటే, దానికేమైనా అయితే? (ఇద్దరు పిల్లల తల్లిని, ఆ భయం నాకు తెలియదూ?) అందుకే ఆ సాయంత్రం చేతులకు తొడుగులు వేసుకుని, దాని అంచును ఏడు ముక్కలుగా కోశాను. ఒక్కో ముక్కను రాయికి అతికిస్తే ఒక్కో కొత్త పగడం అవుతుంది. కానీ జిగట కారుతుంటే గమ్ముతో ఒక్కటీ అతకలేదు. అంతలో చిన్నోడు బురదలో పడ్డాడు. ముక్కల్ని తొట్టి నీళ్ళున్న గిన్నెలో వదిలేసి పరుగెత్తాను.

వాసన పట్టుకుని వంటింట్లోకి వచ్చేసరికి, అత్త నాలుగు ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టించి అయిదోది అందుకుంటోంది.

“అత్తా! ఏటి సేస్తన్నావు?”

“కనపడదేటి? కోసి వదిలేసినావు, నీసు కొట్టదేటే? ఇదేటి సేపో గానీ రబ్బరులాగున్నాది.”

“సేప కాదత్తా, నా పగడం! బతికున్నాది!”

అత్త చేయి ఆగిపోయింది. “బతికున్నదానికా పసుపెట్టినాను? సెప్పి సావొచ్చు కదే!”

నేను ఏడుపందుకున్నాను. (జువాలజీలో ఫస్టు క్లాసు. ఏడవడంలోనూ అంతే.)

“ఏడుపాపి పని సెప్పు,” అంది అత్త చేతులు కడుక్కుంటూ.

పసుపంతా పోయేదాకా ముక్కల్ని తొట్టి నీళ్ళతో కడిగాం. గమ్ముతో అతకడం లేదని చెప్పాను. “నీళ్ళలో గమ్మేటే? కట్టాల,” అంటూ తన పెట్టెలోంచి వల అల్లే దారం తెచ్చింది. కోసిన వైపు రాయికి ఆనించి, దారం తిప్పి, వలకు వేసే ముడి వేసింది. “బిగిస్తే తెగుతాది, వదులైతే జారిపోతాది. సూడు,” అంటూనే ఏడూ కట్టేసింది.

తెల్లారేసరికి ఒక ముక్క కరిగిపోయింది. మిగతా ఆరూ నిలిచాయి, తల్లి పగడమూ నిలిచింది. ఆ ఆరింటి పిల్లలు ఇప్పుడు విజయనగరంలో మా స్నేహితుల తొట్లలో కూడా పెరుగుతున్నాయి. గిన్నె ముందు ఏడ్చిన అప్పటి నన్ను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, ఆ ఉదయం నాకు నవ్వు రాలేదు, గర్వమే వచ్చింది. బడికి బయలుదేరిన పిల్లలిద్దరినీ తొట్టి ముందు నిలబెట్టి చెప్పాను:

“ఇది మా అమ్మ చేసిందని ఎవరితోనూ అనకండి. మా నానమ్మ కట్టింది, మా అమ్మ పక్కన నిలబడి ఏడ్చింది అనండి.”