వాడి మెడకు రబ్బరు బ్యాండు

కొండాపూర్‌లో ఆడపిల్లల హాస్టల్ నడపాలంటే పెద్దమ్మగానూ ఉండాలి, పోలీసుగానూ ఉండాలి. నాకు రెండూ వచ్చు. గేటు దగ్గర బండి ఆగిన చప్పుడును బట్టే అది తిండి పార్సిల్ తెచ్చినవాడిదో, మా పిల్లను దింపడానికి వచ్చినవాడిదో చెప్పేస్తాను. అలాంటి నా ఎదురుగా కూర్చుని, నేను పోసిన చాయ్ తాగుతూ, నాకంటే ఎంతో చిన్నదైన ఒకామె, "మీకు కుక్కను ఇవ్వడం కుదరదండి" అంది.

ఆమె యజమానులు వదిలేసిన కుక్కలను చేరదీసి వాటికి ఇళ్ళు వెతుకుతుంటుంది. నల్లగండ్లలో ఫ్లాటు ఖాళీ చేసిన జంట ఒక పగ్ కుక్కను వదిలేసి పోతే ఈమె తెచ్చుకుంది. మా హాస్టల్ పిల్ల ఒకతె నాకు ఫోన్‌లో వాడి ఫొటో చూపించింది. చదునైన మొహం, నల్లటి మూతి, ఒక కంటిమీద తెల్లటి మసక, మనం చెప్పేది దేన్నీ నమ్మనట్టు ముడతలు పడ్డ నుదురు. అప్పటికే రెండిళ్ళవాళ్ళు వాడిని తీసుకెళ్ళి వెనక్కి తెచ్చిచ్చారట. గురక భరించలేమని ఒకరు, పూటపూటకూ కంట్లో చుక్కలు వేయడం మావల్ల కాదని ఇంకొకరు. వింటుంటే నాకు ఒళ్ళు మండింది. కొలత కుదరలేదని తిరిగిచ్చేయడానికి వాడేమైనా జాకెట్టా? అప్పుడే అనుకున్నాను, వాడిని తెచ్చుకుంటే నేనే తెచ్చుకోవాలని.

ఆమె మా హాస్టలంతా తిరిగి చూసింది. భుజాన వేసుకున్న సంచిలోంచి కుక్కను పట్టుకెళ్ళే ఎర్రతాడు బయటికి వేలాడుతోంది. "హాస్టలంటే వచ్చిపోయేవాళ్ళే కదండీ. పర్మనెంటుగా ఎవరుంటారు? వీడికి మళ్ళీ మనుషులు మారకూడదండి" అంది.

"నేను లేనా బిడ్డా, పర్మనెంటు? బిల్డింగు నాది, వంటిల్లు నాది. నేనేడికి పోత?" అన్నాను. "ఇగ కండ్ల చుక్కలంటవా, ఈడ ఏ టైముల జూసినా ఎవరో ఒకరు మేల్కొనే ఉంటరు. ఒక పిల్ల అమెరికా టైముకు పన్జేస్తది, ఇంకో పిల్ల లండన్ టైముకు లేస్తది. గిసొంటి ఇల్లు నువ్వు నార్సింగి దాంక ఎతికినా దొరకదు."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వితే సగం పని అయినట్టే. కానీ ఒక షరతు పెట్టింది. వాడి ముక్కు రంధ్రాలు మరీ సన్నం, గొంతులో అంగిలి చివరి కండ సాగి గాలికి అడ్డం పడుతోంది. ఇలాంటి మొహం ఉన్న కుక్కలు మన ఎండలకు తట్టుకోలేవు. ఎండలు ముదిరేలోపు ఆపరేషన్ చేయించాలి. దానికి మత్తు ఇవ్వాలంటే ముందు వాడు బరువు తగ్గాలి. తగ్గకపోతే తాడు వేసి తీసుకెళ్ళిపోతానని చెప్పింది. సరేనన్నాను. ఇంతమంది పిల్లలను గీత దాటకుండా చూసుకునేదాన్ని, ఒక కుక్క పొట్ట తగ్గించడం నాకొక లెక్కా అనుకున్నాను.

వాడు వచ్చిన రోజు నుంచే హాస్టల్ వాడిదైపోయింది. ఒక్కో గదిలో ఒక్కో పేరు పెట్టారు, వాడు అన్నింటికీ పలికాడు. నేను "ఏమ్రా" అంటాను, దానికీ పలికాడు. కంటి చుక్కల సంగతి నేను చెప్పినట్టే జరిగింది. డ్యూటీ నుంచి వచ్చే పిల్ల వేసేది, డ్యూటీకి వెళ్ళే పిల్ల వేసేది. కన్ను తేటపడింది. గురక మాత్రం మిక్సీలో పచ్చడి రుబ్బుతున్నట్టే ఉండేది. నాలుగు మెట్లు ఎక్కితే నాలుక బయటపెట్టి చతికిలబడేవాడు. మూడో మెట్టు మీదే ఆగి నా వైపు చూసేవాడు, ఎత్తుకోమని. ఎత్తుకునేదాన్ని.

పొట్ట దగ్గరే నా లెక్క తప్పింది. డాక్టరు చెప్పిన ఉడకబెట్టిన కోడిముక్కలు, గుమ్మడికాయ కొలిచి నేనే పెట్టేదాన్ని. అయినా వాడు గుండ్రంగా తయారవుతున్నాడు. సంగతేమిటని కాపు కాస్తే తెలిసింది. పొద్దున టిఫిన్‌కు వచ్చినవాళ్ళ దగ్గర ఇడ్లీ, పదకొండుకు లేచినవాళ్ళ దగ్గర ఉప్మా, సాయంత్రం బిస్కెట్లు, మళ్ళీ పెరుగన్నం. ఎవరి కంచం పక్కన కూర్చున్నా ముందురోజు నుంచి పస్తులున్నట్టు మొహం పెట్టేవాడు. అసలే దేవుడు ఇచ్చిన మొహం అది.

నేను ఊరుకుంటానా? డైనింగ్ హాల్లో బోర్డు పెట్టాను: 'కుక్కకు ఎవరూ ఏమీ పెట్టరాదు.' నా బోర్డంటే మా పిల్లలకు భయం. మరుసటి నెల డాక్టరు దగ్గర తూకం చూస్తే వాడు ఇంకా పెరిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది. బోర్డు చూసిన ప్రతి పిల్లా ఒకటే అనుకుందట: అందరూ పెట్టడం మానేసి ఉంటారు, పాపం వీడు ఆకలితో చచ్చిపోతున్నాడు, నేనొక్కదాన్నయినా ఇంత పెడదామని. బోర్డు పెట్టకముందు పెట్టనివాళ్ళు కూడా బోర్డు పెట్టాక పెట్టారు.

ఆ తూకం దగ్గర కుక్కలామె కూడా ఉంది. సంచిలోంచి తాడు తీసింది. "ఏమీ అనుకోకండి. మీ ప్రేమను తప్పుపట్టట్లేదు. ఈ ఒంటితో ఎండాకాలంలోకి వెళ్తే వీడు బతకడండి. నా దగ్గరైతే కనీసం నోరు కట్టగలను" అంది.

వాడు నా ఒళ్ళోనే ఉన్నాడు. నా మోచేతిలో మూతి పెట్టి గరగరమని ఊపిరి తీస్తున్నాడు. రెండుసార్లు తిరిగొచ్చినవాడు మూడోసారీ అదే తాడుతో వెళ్తాడనేసరికి వాడిని ఇంకా దగ్గరికి లాక్కున్నాను. "జర ఆగు బిడ్డా. ఒక్క నెల. అప్పటికీ తగ్గకపోతే నేనే తెచ్చి నీ చేతుల పెడ్త" అన్నాను. ఆమె డాక్టరు వైపు చూసింది. ఒక నెల ఫరవాలేదన్నాడాయన. వీడికి ఊపిరి ఎలా ఆడుతుందో తెలియాలంటే ముక్కు మూసుకుని స్ట్రాతో గాలి పీల్చి చూడండి అని కూడా అన్నాడు.

తిరిగి వస్తూ జ్యూస్ బండి దగ్గర స్ట్రాలు అడిగి తెచ్చాను. ఆదివారం కోడికూర రోజు అందరూ హాల్లో ఉంటారు. వడ్డించకుండా గరిటె పక్కన పెట్టాను.

"ఒక్కొక్కరు ఒక స్ట్రా తీసుకోండ్రి. ముక్కు గట్టిగ పట్టుకొని, దాంతోటే గాలి పీల్చుకుంట మూడో ఫ్లోరు దాంక ఎక్కి దిగుండ్రి. అప్పుడే కూర."

"ఏంది ఆంటీ ఇది?" అని నవ్వుకుంటూ బయల్దేరారు. మొదటి అంతస్తు దాకా నవ్వులు వినబడ్డాయి. తర్వాత వినబడలేదు. ఒక్కరూ మూడో అంతస్తు చేరలేదు. మధ్యలోనే స్ట్రాలు పారేసి, గోడలు పట్టుకుని, ఎర్రబడ్డ మొహాలతో దిగారు. వాడికి పెరుగన్నం తినిపించే రాజమండ్రి పిల్ల కింది మెట్టు మీద కూర్చుని ఏడ్చేసింది.

"మీరు తీసి పారేసిన్రు. వాడు తియ్యలేడు. ఇరవై నాలుగ్గంటలు గట్లనే పీలుస్తడు. మీరు పెట్టే ఒక్కో బిస్కెటు ఆ స్ట్రాను ఇంకింత సన్నగ చేస్తున్నది" అన్నాను.

భయం పెట్టాను సరే, జాలిని ఏం చేయను? వాడు తిన్నాడో లేదో తెలియనప్పుడే కదా వీళ్ళ చేయి కదిలేది. ఆ సాయంత్రం ఎవరో ముద్దుకని వాడి మెడబెల్టుకు జుట్టుకు పెట్టుకునే రబ్బరు బ్యాండు తొడిగారు. దాన్ని చూడగానే దారి దొరికింది. తెల్లారి పొద్దున వాడికి తిండి పెట్టగానే బెల్టుకు ఒక బ్యాండు, రాత్రి పెట్టాక ఇంకొకటి తొడిగాను. మరునాడు లేవగానే రెండూ తీసేసి మళ్ళీ మొదలుపెట్టాను. బ్యాండు ఉంటే కడుపు నిండినట్టే, వాడు ఎంత నటించినా నమ్మొద్దని చెప్పాను. ఆడపిల్లల హాస్టల్లో రబ్బరు బ్యాండ్లకు కరువా? వాడు ఏ కంచం పక్కకు పోయి ఆ మొహం పెట్టినా, పిల్లలు ముందు మెడ చూసి, "తిన్నావు కదరా దొంగా" అని తల నిమిరి పంపేవారు. నిమరడానికి నేను అడ్డు చెప్పలేదు.

నెల తిరిగేసరికి వాడికి నడుము కనబడింది. డాక్టరు తూకం చూసి ఆపరేషన్‌కు రోజు చెప్పాడు. ఆ పొద్దున లోపలికి తీసుకెళ్తూ మెడబెల్టు విప్పి నా చేతికిచ్చారు. ఖాళీ కడుపుతో తెచ్చాం కాబట్టి దానికి బ్యాండు లేదు. బెంచీ మీద కూర్చున్నాను. ఫోన్ మోగుతూనే ఉంది, మీటింగుల్లోంచి పిల్లలు. తీయలేదు. బిల్డింగు కట్టించేటప్పుడు మేస్త్రీలతో, నీళ్ళ ట్యాంకర్లవాళ్ళతో, అందరితో కొట్లాడి గెలిచిన మనిషిని నేను. అక్కడ కొట్లాడటానికి ఎవరూ లేరు. ఆ బెల్టుకున్న వాడి వెంట్రుకలు ఒక్కొక్కటీ ఏరుతూ కూర్చున్నాను. నాకు వాడు కావాలి, అంతే.

డాక్టరు బయటికొచ్చి అంతా బాగా జరిగిందన్నాడు. రెండు రోజుల తర్వాత ఇంటికి తెచ్చి నా మంచం పక్కన పడుకోబెట్టాను. మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి గదిలో చప్పుడు లేదు. గబుక్కున వంగి ముక్కు దగ్గర వేలు పెట్టాను. వెచ్చటి గాలి, నిదానంగా, తెంపులేకుండా తగిలింది. నోరు మూసుకుని నిద్రపోతున్నాడు. నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను, వాడు లేవకూడదని.

శివరాత్రి దాటాక ఒక ఆదివారం పొద్దున్నే కుక్కలామె వచ్చింది, చివరిసారి చూసిపోవడానికి. సంచిలో ఎర్రతాడు అలాగే ఉంది. ఎండ ఎక్కకముందే డాబా చూపిస్తాను రమ్మన్నాను. మూడో మెట్టు దగ్గర అలవాటుగా వంగి చేతులు చాచాను. వాడు నన్ను దాటుకుని పోయాడు. మేమిద్దరం వెనక పడ్డాం. మూడో అంతస్తుకొచ్చేసరికి నాకు ఆయాసం, ఆమెకూ ఆయాసం, రెయిలింగు పట్టుకుని ఆగాం. పైమెట్టు మీద వాడు నోరు మూసుకుని నిలబడి ఉన్నాడు, ఇంకా రారేమిటన్నట్టు మమ్మల్ని చూస్తూ. మెడకు ఒక బ్యాండు ఉంది.

ఆమె పైదాకా ఎక్కి వాడి తల నిమిరింది. తర్వాత సంచిలోంచి తాడు తీసి నా చేతిలో పెట్టింది. "ఇది నా దగ్గర ఎందుకండీ ఇంక. మీరే వాడుకోండి" అంది.

కిందికొచ్చి దాన్ని ఆఫీసు గది గోడకున్న మేకుకు తగిలించాను. గది ఖాళీ చేసిన పిల్లలు ఇచ్చిపోయే తాళంచెవులు వేలాడేది ఆ మేకుకే. ఇన్నేళ్ళలో ఒకరు ఉండిపోతున్నారని దానికి ఏదైనా తగిలించడం నాకు అదే మొదటిసారి.