సంచికి సంచి, మీద పిడికెడు

మా ఇంట్లో అన్నం ఏనాడూ ఒక్క తీరుగా ఉడికేది కాదు. పాస్టరు గారి భార్యను కదా, మాకు వచ్చేవి గుడి బియ్యం. మా సంఘంలో ప్రతి ఇల్లాలూ పొయ్యి మీద ఎసరు పెట్టాక, కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి దేవుని డబ్బాలో వేస్తుంది. ఆదివారం ఆ డబ్బాలన్నీ గుడిలో ఒకే సంచిలోకి వంపుతారు. సగం మాకు, సగం గుడి ఖర్చుల కోసం వేలానికి. ఒకరి సన్నాలు, ఒకరి దొడ్డు బియ్యం, ఇంకొకరి నూకలు కలిసి ఉడికితే సగం మెతుకులు ముద్దయ్యేవి, సగం పలుకు మీద ఉండేవి. ఆలేరు నుంచి హుజూర్‌నగర్ పక్కనున్న ఈ ఊరికి కాపురానికి వచ్చిన కొత్తలో, గంజి వార్చినప్పుడల్లా పళ్ళు నూరేదాన్ని. మా ఆయన సాల్మన్ గారు మాత్రం పెళ్ళి భోజనం చేస్తున్నట్టు తినేవారు. ఆయన ఓపిక చూస్తే నాకు ఇంకా ఒళ్ళు మండేది.

సంచిలో అన్నిటికన్నా దొడ్డు గింజ సుక్కమ్మది. రేషన్ షాపులో ఇంకా సన్నబియ్యం ఇవ్వని రోజులవి. సుక్కమ్మ నాట్లు వేసే కూలి. కాలువ కింద ఆమె చెయ్యి పడని మడి లేదు, కానీ వాటిలో ఒక్కటీ ఆమెది కాదు. ఊళ్ళో అందరూ ఆమెను పిసినారి అనే అనేవారు. అనడానికి కారణాలూ లేకపోలేదు. గ్యాస్ పొయ్యి ఉన్నా చుట్టాలొస్తేనే వెలిగించేది. అరిగిపోయిన సబ్బు ముక్కలన్నీ పాత సాక్సులో వేసి మూతి కట్టి దానితోనే రుద్దుకునేది. గిన్నెలు కడిగిన నీళ్ళు బీరపాదుకు, బియ్యం కడిగిన నీళ్ళు మేకకు పోసేది. సంతకు ఆటో ఎక్కకుండా కాలువ గట్టు పట్టుకుని నడిచేది. ఫోన్ ఉంది, అయితే అది మాట్లాడటానికి కాదు. ఒకసారి మోగి ఆగిపోతే వస్తున్నానని, రెండుసార్లు మోగితే రావడం లేదని మేం అర్థం చేసుకోవాలి. నేను అలవాటు కొద్దీ ఎత్తానా, మర్నాడు నాతో యుద్ధమే.

"ఎందుకెత్తిండ్రు అమ్మగారూ? ఉత్తగనే పైసలు పాయె!"

ఇక గుడి వేలంలో ఆమెను చూడాలి. సొరకాయైనా, కోడిపెట్టైనా అందరికన్నా తక్కువ ధర చెప్పి, మీద పాడబోయినవాళ్ళ వైపు గుడ్లురిమి చూసేది. సగంమంది ఆ చూపుకే నోరు మూసుకునేవారు. వేలం పాడే సంఘపెద్ద డానియల్ గారికి ఆమె లేచిందంటే గుండె దడ. మా గుడిలో ఇంకో ఆనవాయితీ ఉంది. చేతిలో డబ్బు లేనివాళ్ళు రాబోయే పంట మీద పాట పాడొచ్చు. కోతలయ్యాక గింజలు తెచ్చి ఇస్తే చాలు. సుక్కమ్మ ఆ పాట ఎప్పుడూ పాడలేదు. పాడటానికి పంట ఉండొద్దూ!

తెలంగాణ వచ్చిన మూడో ఏడో నాలుగో ఏడో, ఎండాకాలం చివర ఒక మధ్యాహ్నం మా అరుగు మీద కూర్చుని నాతో పాటు బియ్యం చెరుగుతూ మనసులో మాట బయటపెట్టింది.

"ఒక్క పంటన్న నా మడిల నేను నాటేసుకోవాలె అమ్మగారూ. మోకాళ్ళు పూర్తిగ పోకముందే."

హుజూర్‌నగర్‌లో ఉండే రాంచందర్ గారు కాలువ పక్కన ఎకరం మడి కౌలుకిస్తానన్నారట. కోతలయ్యాక కౌలు వడ్లుగా ఇస్తే చాలన్నారట. దున్నకానికి, ఎరువుకు పొదుపు సంఘంలో వేసుకున్నది ఉంది. చిక్కంతా తిండి దగ్గరే. సొంత మడిలో దిగితే కైకిలి, అంటే కూలికి, పోవడానికి ఉండదు. కైకిలి పోకుంటే పొయ్యిలో పిల్లి లేవదు. భర్త ఏసోబుది ఆయాసం రోగం, బరువు పని చేయలేడు. అందుకే సుక్కమ్మ రోజూ ఒక పిడికెడు కాదు, రెండు పిడికెళ్ళు తీస్తోంది. ఒకటి దేవుని డబ్బాలోకి, ఇంకొకటి మంచం కింద పెద్ద డబ్బాలోకి. కోత మిషన్ వదిలేసిన గట్ల వెంబడి పరిగె ఏరి, ఆ వడ్లు మర పట్టించి వాటినీ అందులోనే పోసింది. పురుగు పట్టకుండా మధ్యమధ్య వేపాకు వేసింది. నాట్ల నుంచి కోతల దాకా ఇద్దరూ బతకాల్సింది ఆ డబ్బా మీదే. డబ్బా ఉంటే మడి ఉన్నట్టు, లేకపోతే మళ్ళీ పరాయి మళ్ళల్లో నడుము వంచాల్సిందే.

అది విన్న రోజు నుంచి నేను ఆమెను పిసినారి అన్నవాళ్ళతో కయ్యం పెట్టుకోవడం మొదలుపెట్టాను. సంగతి చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది కాబట్టి కారణం చెప్పకుండానే పోట్లాడేదాన్ని.

వానలు మొదలవుతున్నాయి. గుడి రేకులు చిల్లులు పడ్డాయి. మా ఆయన, "వచ్చే ఆదివారం రేకుల కోసం ప్రత్యేక కానుక. ఎవరికి తోచింది వాళ్ళు తెండి" అని ప్రకటించారు. ఆ శనివారమే సుక్కమ్మ అక్కకు ఒంట్లో బాగాలేదని కబురొస్తే, దేవుని డబ్బా గుడికి తీసుకుపొమ్మని ఏసోబుకు చెప్పి అక్క ఊరికి వెళ్ళింది.

ఏసోబు వంటింటి గడప లోపలి సంగతులు ఎరగడు. పూటపూటకీ భార్య కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి, చెరో పిడికెడు రెండు డబ్బాల్లో వేయడం మాత్రం చూస్తున్నాడు. ప్రార్థన చేసి వేసిందంటే రెండూ దేవునివే అనుకున్నాడు. చిన్నది వారం వారం ఇచ్చేది, పెద్దది ఇలాంటి పెద్ద పనికి దాచింది అని లెక్క కట్టుకున్నాడు. ఆదివారం పొద్దున్నే రెండూ సైకిలుకు కట్టుకుని వచ్చాడు.

అందరి ముందూ పెద్ద డబ్బా ఎత్తి సంచిలోకి వంచాడు. గుడి అంతా చప్పట్లు.

"నా పెండ్లాన్ని పిసినారి అంటిరి గదా! ఇప్పుడు జూడుండ్రి!" అన్నాడు. ఆ మాట అనడానికి ఎన్నేళ్ళుగా ఎదురుచూశాడో పాపం.

నేనూ సంబరంగానే చూస్తున్నాను. అంతలో బియ్యంతో పాటు ఎండిన వేపాకు రాలింది. వారం వారం ఖాళీ అయ్యే డబ్బాలో వేపాకు ఎవరూ వేయరు. అది మంచం కింది డబ్బా! నేను చప్పట్లు ఆపేశాను.

ఆరాధన ముగుస్తుండగా సుక్కమ్మ బస్సు దిగి నేరుగా గుడికే వచ్చింది. ఏసోబు ఒళ్ళో ఖాళీ డబ్బా చూసింది. తర్వాత అతని ముఖం చూసింది. వెలిగిపోతోంది ఆ ముఖం. వచ్చి ఆడవాళ్ళ వరసలో నా పక్కన కూర్చుంది. నేను ఊరుకునే రకం కాదు. లేవబోయాను. కొంగు పట్టి లాగింది.

"కూసోండ్రి అమ్మగారూ. దేవునికని పోసిండు. ఇప్పుడు అందరి ముంగట వాపసు తీసుకుంటే ఆయన మొకం ఏమైతది?"

కూర్చున్నాను. కానీ పక్కనున్న బిక్షమ్మ ఊరుకోలేదు, ఎందుకని గుచ్చి గుచ్చి అడిగింది. ఒట్టు తీసి గట్టు మీద పెట్టి ఆమె చెవిలో చెప్పేశాను. డానియల్ గారు వేలానికి లేచేలోగా ఆ గుసగుస ఆడవాళ్ళ వరస దాటి మగవాళ్ళ వరస చివరికి చేరింది. తెలియనిది ఒక్క ఏసోబుకే.

"రేకుల కోసం, మొత్తం బియ్యం సంచి!" అన్నారు డానియల్ గారు.

సుక్కమ్మ లేచింది. "సంచికి అర సంచి. పంట మీద," అంది. అలవాటుగా చుట్టూ గుడ్లురిమింది.

ఎవరూ నోరెత్తలేదు. కొందరు తల వంచుకున్నారు. సంగతి అందరికీ తెలిసిపోయిందని ఆమెకు అర్థమైంది. చూస్తుండగానే ముఖం కందగడ్డయింది.

"ఏం, నోళ్ళు పడిపోయినయా? దేవుని బియ్యానికి గింతేనా?" అని కసిరింది. అయినా ఎవరూ మీద పాడలేదు.

"ముప్పావు సంచి!" తన పాట మీద తనే పాడింది. డానియల్ గారు బిత్తరపోయి చూశారు.

"సంచికి సంచి!" అంది ఇంకా గట్టిగా. ఊపిరి పీల్చుకుని, "మీద పిడికెడు!" అంది.

డానియల్ గారు ఒకటోసారి, రెండోసారి అన్నారు. మూడోసారి అనకుండా చేత్తో బల్ల చరిచారు.

బయట ఏసోబు అడుగుతున్నాడు, "ఏందే, ఇచ్చిన బియ్యం మల్ల మనమే కొనుక్కునుడేంది?"

"దేవుని గుడిల పెట్టిన బియ్యమయ్యా. ఇంట్ల ఉంటె మంచిది. ఎత్తు," అంది.

బాకీ తీరేది కోతలయ్యాకే కదా, ఆ వానాకాలమంతా రేకుల్లోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. బకెట్లు పెట్టుకుని పాటలు పాడుకున్నాం. ఎవరూ గొణగలేదు, నేను తప్ప. సుక్కమ్మ కాలువ పక్కన తన మడిలో నాటు వేసింది. ఆ పలుకూ ముద్దా కలిసిన అన్నం కోతల దాకా తిన్నారు ఇద్దరూ. ఊళ్ళో దాగే మాటంటూ ఉండదు కానీ, ఏసోబుకు మాత్రం ఈ రోజు దాకా ఎవరూ చెప్పలేదు.

క్రిస్మస్ ముందు ఒక పొద్దున, ఏసోబు సైకిలు మీద అదే సంచి తెచ్చి మా అరుగు మీద దించాడు. డానియల్ గారిని, మా ఆయనను పిలిపించి సుక్కమ్మ సంచి మూతి విప్పింది. కొత్త బియ్యం. విడిగా కొంగులో తెచ్చిన బియ్యంలో చెయ్యి పెట్టింది. ఇన్నేళ్ళ నాట్లకు వేళ్ళు బిగుసుకుపోయి పిడికిలి సరిగా ముడవలేదు. సగం గింజలు జారిపోయాయి. మళ్ళీ తీసింది. నిండుగా వచ్చేదాకా తీసి సంచి మీద పోసింది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

డానియల్ గారు ఆ సంచి వేలానికి పెట్టనన్నారు, మొత్తం మా ఇంటికే ఇచ్చేశారు. ఆ పూటే వండాను. కొత్త బియ్యం కదా, అంతా ముద్దయింది. అయితేనేం, గిన్నె అడుగు దాకా ఒక్క తీరుగా ముద్దయింది! ఈ ఊరికి వచ్చాక మొదటిసారి పళ్ళు నూరకుండా వడ్డించాను.

సుక్కమ్మ ఇంకా అరుగు మీదే కూర్చుని ఉంది. తినమంటే తినే వచ్చానంది. పోమంటే పోదు. "ఏంటక్కా?" అన్నాను.

"సంచి ఖాళీ చేసి ఇయ్యుండ్రి అమ్మగారూ," అంది. "యాసంగి పంట వడ్లకు గావాలె."