మాస్టారు దిద్దని అంకె

మాస్టారు పోయారని ఫోను వచ్చినప్పుడు నేను న్యూ టౌన్ బస్సులో నిలబడి ఉన్నాను. ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. నాకు చెప్పాల్సిన ఒక్క మాట చెప్పకుండానే పోయాడే మనిషి, అనుకున్నాను. పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. మంచి కూడా ఉంది, రాస్తాను. అదొక్కటే రాయమంటే మాత్రం నా వల్ల కాదు.

ఆయన నాకు గ్లైడర్ నడపడం నేర్పిన గురువు. గ్లైడర్ అంటే ఇంజిను లేని విమానం. తాడు కట్టి లాగి పైకి వదిలేస్తారు. అక్కణ్ణుంచి వేడిగాలి ఎక్కడ లేస్తోందో వెతుక్కుంటూ ఎగరడమే. సంత్రాగాఛి రైలు యార్డులో పనిచేసేవాడి కూతురికి ఇదేం పిచ్చని క్వార్టర్లన్నీ నవ్వుతుంటే, మాలాగే తెలుగువాడైన మాస్టారే మా ఇంటికొచ్చి నాన్నను ఒప్పించారు. ఆదివారాలు ఊరి బయట మైదానంలో పాఠాలు. మిగతా శిష్యులను బెంగాలీలో తిట్టేవారు, నన్ను మాత్రం తెలుగులో. నడిపే కర్రను నేను మరీ కుదిపితే, "ఏటే గుంటా, అది స్టిక్కే, పప్పులో గరిటి కాదు" అనేవారు. ఎవరికీ అర్థంకాని భాషలో తిట్టి నా పరువు కాపాడుతున్నారని అప్పట్లో మురిసిపోయేదాన్ని. తిట్లయ్యాక తన మరమరాల పొట్లం విప్పి ముందు నా దోసిట్లోనే పోసేవారు.

ఆయన గర్వమంతా అంకెల మీదే. ఎక్కడిదాకా వెళ్లి తిరిగి రావాలో ఆ చోటు అక్షాంశం, రేఖాంశం ముందే గ్లైడర్‌లోని చిన్న మిషన్లో కొట్టి పెట్టాలి. అక్కడికి చేరగానే అది కూత పెడుతుంది. ఆ మిషన్ని మమ్మల్ని ముట్టుకోనిచ్చేవారు కాదు. అంకెలు తాను చూసుకుంటానని, మేం ఎగిరితే చాలని అనేవారు. "కన్ను మోసం సేస్తాది గానీ మిషను సెయ్యదు" అన్నది ఆయన రోజూ చెప్పే మాట.

గ్లైడర్ నేర్పేవాళ్లకిచ్చే శిక్షణకు నన్ను పంపాలంటే, నది మీది రైలు వంతెనదాకా వెళ్లి తిరిగి రావాలన్నారు క్లబ్బు కమిటీవాళ్లు. అది దొరికితే నా బతుకు ఆకాశంలోనే గడిచేది. ఆ రోజు వంతెన నాకు ఎదురుగా కనిపిస్తూనే ఉంది, ఇంకా కొంచెం దూరంలో. ఇంతలో మిషను కూత పెట్టింది. ఎత్తు తగ్గిపోతోంది, కింద అన్నీ వరిపొలాలు. మాస్టారి మాట నమ్మి వెనక్కి తిప్పాను.

నేను వెళ్లిన దారి మిషన్లో నమోదవుతుంది, దాన్ని కమిటీవాళ్లు మ్యాపుతో పోల్చి చూశారు. వంతెన చేరలేదు పొమ్మన్నారు. మిషను తెరిచి చూస్తే రేఖాంశంలో రెండు అంకెలు తారుమారై ఉన్నాయి. ఎవరు కొట్టారని అడిగారు. నేను మాస్టారి వైపు చూశాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ, అమ్మాయి తొందరపడి తనే కొట్టుకుందని బెంగాలీలో చెప్పారు. కాదని మొత్తుకున్నాను. మిషన్ని ఎవరినీ ముట్టుకోనివ్వరని తెలిసిన శిష్యులు కూడా ఆయనకు ఎదురు చెప్పలేదు. అంత పేరున్న గురువును కాదని నిన్నగాక మొన్న వచ్చిన దాన్నెవరు నమ్ముతారు? నా చోటు ఇంకొకరికి పోయింది. ఇక చాలు, ఉద్యోగం చూసుకోమన్నాడు నాన్న.

ఆ తర్వాత మాస్టారు ఎన్నోసార్లు ఎదురయ్యారు. నాన్న ఆస్పత్రిలో ఉంటే రోజూ వచ్చి మంచం పక్కన కూర్చున్నారు, పళ్లు తెచ్చారు. ఆ మేలు మర్చిపోను. కానీ ఆయన నోరు విప్పినప్పుడల్లా ఈసారైనా చెబుతారేమోనని ఎదురుచూశాను. తిన్నావా అని అడిగేవారు.

పెద్దకర్మ నాడు భోజనాల ముందు శిష్యులు తలా నాలుగు మాటలు మాట్లాడారు. కొత్తగా చేరిన ఒక బెంగాలీ అమ్మాయి మాస్టారి పద్ధతి గురించి చెప్పింది. ఒకరు అంకెలు చదవాలి, ఇంకొకరు కొట్టాలి, కొట్టినవాళ్లు మళ్లీ పైకి చదివి వినిపించాలి. వెనకటికి ఎవరో అమ్మాయి తొందరపడి తప్పు కొట్టి పరువు తీసిందట, అప్పట్నుంచీ మాస్టారు ఈ నియమం పెట్టారట. అందరూ తలలూపారు.

ఇన్నేళ్లూ నన్ను పాఠంగా చెప్పుకుని బతికాడన్నమాట. లేచి నిలబడ్డాను. ఆ అమ్మాయి నేనేననీ, అంకెలు కొట్టింది మాత్రం మాస్టారేననీ అందరికీ అర్థమయ్యేలా బెంగాలీలోనే చెప్పాను. ఎవరో నన్ను కూర్చోమన్నారు. కూర్చోలేదు.

గోడవార చాప మీద కూర్చున్న మాస్టారి భార్య తలెత్తింది. "నిజిమే. ఆ దినమే నాతో సెప్పీసినాడు. గుంటకి సెప్పీమని ఎన్నిపాల్లు పోరినానో. సెప్పేస్తే రేపు నా మాట నమ్మి ఎవుడు గాల్లోకి ఎగురుతాడే అనీవోడు."

"నమ్మి ఎగిరింది నేనే కదా పిన్నీ" అన్నాను.

ఆమె ఆ బెంగాలీ అమ్మాయిని దగ్గరకు పిలిచింది. వచ్చీరాని బెంగాలీలో, తప్పు కొట్టింది ఎవరో ఇప్పుడు విన్నావు కదా, ఆ కథ మొదట్నుంచీ సరిగ్గా చెప్పు అంది. ఆ అమ్మాయి బెదిరిపోయి నా వైపు చూసింది. నేనేం సాయపడలేదు. నా కోపం ఇంకా అలాగే ఉంది, ఇది రాస్తున్నప్పుడు కూడా. చివరికి ఆ అమ్మాయి గొంతు సవరించుకుని, వెనకటికి మా మాస్టారు తొందరలో రెండు అంకెలు తారుమారు చేశారు అని మొదలుపెట్టింది. పిన్ని చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని చివరిదాకా విన్నది. విని, మళ్లీ చెప్పమంది.