రాతి ఎద్దుకు బొట్టు

వేల ఏళ్ళ కిందట ఒక మనిషి ఎర్రమన్ను నూరి కొండరాతి మీద ఎద్దును గీసిన క్షణం దగ్గర మొదలై, యుగాలు దాటి మా గడపదాకా వచ్చే మహాగాథ ఇది. అని రాద్దామనుకున్నాను. నిజానికి మా మేనత్తను బండి వెనక కూర్చోబెట్టుకుని, మాచర్ల దాటి ఒక కొండకు తీసుకెళ్ళి తీసుకొచ్చాను. అంతే.

అత్తకు మిరప చేను ఉంది. మొన్నటి వేసవిదాకా ఎడ్ల జత కూడా ఉండేది. మోకాళ్ళు అరిగి మేత వేయలేక అమ్మేసింది. ఊళ్ళో అదే చివరి జత. ఏరువాక పున్నమి నాడు ఎద్దుకు బొట్టు పెట్టి పొంగలి తినిపించనిదే ఆమె చేలో దుక్కి మొదలవదు. కాపురానికి వచ్చినప్పటి నుంచీ అంతే. ఈసారి పున్నమి దగ్గరికొచ్చింది గానీ ఎద్దు లేదు. దున్నే ట్రాక్టరుకే బొట్టు పెట్టేయమని ఇంట్లో అందరం సలహా ఇచ్చాం. ఆమె అన్నం సరిగ్గా తినడం మానేసింది. మేం దాన్ని కూడా మోకాళ్ళ నొప్పి ఖాతాలోనే వేశాం. చివరికి పున్నమి పొద్దున ఉబుసుపోక ఫోన్లో ఆ కొండరాతి మీది ఎద్దు బొమ్మ చూపించాను. వెంటనే అక్కడికి పోదామంది.

"ట్రాక్టరుకి పెడితే అదేమన్నా తల ఊపిద్దంట్రా?"

రాయి కూడా ఊపదత్తా అన్నాను.

"ఊపకపోయినా అది ఎద్దు గదా."

ఈ వాదనలో ఎక్కడో లోపం ఉంది. నేను దాన్ని వెతికేలోపు ఆమె పొంగలికి ఎసరు పెట్టేసింది.

పలనాడు ఎడారి కాదని పుస్తకాలు చెబుతాయి. జూన్ మధ్యాహ్నం ఇక్కడి బండ మీద చెయ్యి పెట్టినవాళ్ళు అంత గట్టిగా చెప్పరు. కొండ కింద రెండు గదుల మ్యూజియం ఉంది. కాస్త పైన, చూరులా ముందుకొచ్చిన బండ కింద బొమ్మలున్నాయి. కాపలాదారు ముందు నడిచాడు. అత్త నా భుజం పట్టుకుని ఎక్కింది.

ఎద్దు జానెడుంది. ఆదిమానవుడితో ముఖాముఖి కదా, ఒళ్ళు పులకరిస్తుందని ఎదురుచూశాను. చెమట పట్టింది. అత్త మాత్రం సంతలో బేరానికి వచ్చినట్టు మూపురం నుంచి తోకదాకా చూసి, "గీసినోడు దీన్ని బాగా మేపాడు" అంది. తర్వాత పసుపులో వేలు ముంచింది.

కాపలాదారు అరవలేదు. ఆమెను మెల్లగా పక్క బండ దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్కడ జిడ్డుకట్టి నల్లబడ్డ పసుపు మరక తప్ప ఏమీ లేదు.

"ఈడ జింక ఉండేది పెద్దమ్మా. ఎవరో దేవుడని పసుపు పూశారు. ఆళ్ళని చూసి ఇంకోళ్ళు నూనె పోశారు. అందరూ దండం పెట్టుకునే పోయారు. జింక పోయింది."

మనవాళ్ళు దేన్నైనా గౌరవించడం మొదలుపెడితే, అది కనిపించకుండా పోయేదాకా ఆపరు. అత్త పసుపు వేలిని కొంగుకు తుడుచుకుంది. దిగేటప్పుడు నా భుజం మీద బరువు పెరిగింది.

మ్యూజియంలో రాతిగొడ్డళ్ళు, కుండపెంకులు ఉన్నాయి. ఒక గోడనిండా అదే ఎద్దు ఫోటోతో ఫ్లెక్సీ ఉంది. ఇక్కడది నిజంగా ఎద్దంత ఉంది. అత్త దాని ముందు నిలబడిపోయింది. కాపలాదారు ఆమెను చూశాడు, నన్ను చూశాడు. నాకు ఉన్నట్టుండి రాతిగొడ్డళ్ళ మీద ఆసక్తి పుట్టింది.

"దీనికి పెట్టుకో పెద్దమ్మా."

"ఇది ఫ్లెక్సీ గదా అబ్బాయా."

"పైనున్నదాని ఫోటోనేగా. దానికి పెట్టినట్టే."

మా వైపు ఫ్లెక్సీలకు దండలూ పాలాభిషేకాలూ కొత్తకాదు. అర్హత ఉన్నవాళ్ళకు జరగడం మాత్రం నేను మొదటిసారి చూశాను. అత్త అరిగిన మోకాళ్ళ మీదే మునివేళ్ళపై లేచి, కొమ్ముల మధ్య పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. పొంగలి ముద్దను దాని మూతి దగ్గర కాసేపు పట్టుకుంది. నా దగ్గర ఒక జోకు సిద్ధంగానే ఉంది. దాన్ని పక్కన పెట్టి పొంగలి గిన్నె పట్టుకున్నాను.

ఎద్దు వంతు పొంగలి కాపలాదారు తిన్నాడు. బాగుందన్నాడు.

"రేపు పొద్దున్నే ట్రాక్టరోణ్ణి రమ్మనరా" అంది అత్త, బండెక్కుతూ.

వెనక్కి చూస్తే కాపలాదారు బకెట్టుతో లోపలికి పోతున్నాడు. ఫ్లెక్సీ మీది పసుపు తడిగుడ్డతో తుడిస్తే పోతుంది.